దిలావర్ మోకాలి కోసం ప్రార్థన

అమలాపురం హాస్టలు,
2 మార్చి 1998.

సీమోను తాతయ్యకు ఝాన్సీ వందనాలు.

విశాఖ నుంచి ఎముకల డాక్టరు గారు ఈ నెల ఇరవై అయిదున ఇక్కడికి వస్తున్నారు. మళ్ళీ ఏడాదికి గానీ రారు. అందుకే ఇప్పుడే రాస్తున్నాను. మన ఇంట్లో బడికి వెళ్ళింది నేనొక్కదాన్నే కాబట్టి చెప్పాల్సిందీ నేనే. నీ మోకాలికి ఆపరేషన్ చేయించుకో. "కోస్తే ఇంక లేవరే" అంటావు. పాకిస్తాన్ బౌలర్ దిలావర్‌కీ మోకాలు పోయింది. జట్టులోంచి తీసేశారు. కోయించుకున్నాడు. పదిహేనో తేదీ ఆదివారం మన మీద మళ్ళీ ఆడుతున్నాడు. అతను పరుగెత్తితే నువ్వు డాక్టరు దగ్గరికి రావాలి. పందెం.

నీ మనవరాలు,
ఝాన్సీ

తా.క.: అతని ఫోటో నా ట్రంకుపెట్టె మూత లోపల అంటించాను.

పి.గన్నవరం,
9 మార్చి.

చిట్టితల్లి ఝాన్సీకి తాత దీవెనలు.

నావి సండే స్కూలు అక్షరాలు, సర్దుకుని చదువుకో. పాపం ఆ కుర్రాడి కోసం నిన్న చర్చిలో ప్రార్థన చీటీ వేసేను. పాస్టరు గారు "మన ఝాన్సీ తరఫున, దిలావర్ మోకాలి కొరకు" అని చదివేరు. బయటికి రాగానే మన పక్కింటి అచ్చమ్మ పట్టుకుంది.

"కుర్రోడు ఏం చేత్తాడండీ?"

"బంతులేస్తాడు."

"ఉద్యోగమండీ?"

"తీసేసి మళ్ళీ తీసుకున్నారు."

"ఏ ఊరండీ?"

"లాహోరు."

"యానాం అవతలాండీ?"

"ఆయ్, ఇంకొంచెం అవతల."

అంతే. నీకు సంబంధం కుదిరిందని ఊరంతా చెప్పేసింది. పెళ్ళికొడుకు మోకాలి కోసం ఆడవాళ్ళంతా ఉపవాసం ఉంటున్నారు.

దీవెనలతో,
తాత

తా.క.: పాకిస్తాన్ అని చెప్పలేదు. ఏ దేశంలో అయినా మోకాలు వంగేది ఒకలాగే కదా.

అమలాపురం,
11 మార్చి.

తాతయ్యా, కొంప ముంచావు!

అతనికి పెళ్ళయింది. ముగ్గురు పిల్లలు. అచ్చమ్మ పెద్దమ్మకి వెంటనే చెప్పు. ఆ ప్రార్థన కూడా ఆపించు, అతను ఆడేది మన మీద!

కంగారుతో,
ఝాన్సీ

తా.క.: మరీ పూర్తిగా ఆపించకు. పరుగెత్తడానికి సరిపడా ఉంచు.

పి.గన్నవరం,
16 మార్చి.

అమ్మా ఝాన్సీ,

నీ ఉత్తరం ఇవాళ అందింది. నిన్ననే అంతా అయిపోయింది. బుల్లబ్బాయి టీ కొట్లో టీవీ ముందు ఊరంతా చేరింది. నీ పెళ్ళికొడుకు మన వాళ్ళని అయిదుగురిని ఇంటికి పంపేడు. "మన ఉపవాసంతో మననే కొట్టించేరు కదండీ!" అని అచ్చమ్మ ఒకటే గోల. బుల్లబ్బాయి నాకు టీ పొయ్యడం లేదు.

అయినా ఒకటి చూసేనే. అయిదో వికెట్టు పడగానే అతను మోకరించి, నేలకి నుదురు ఆనించి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచేడు. నేను చర్చిలో మోకరించి మూడేళ్ళయింది.

పందెం ఓడిపోయేను. కానీ భయం పోలేదమ్మా. డెబ్భై ఏళ్ళవాణ్ణి, నాకెందుకు ఆపరేషను? నేనేమైనా బంతులెయ్యాలా?

ఇట్లు,
టీ లేని తాత

అమలాపురం,
18 మార్చి.

ప్రియమైన తాతయ్యకు,

దిలావర్ ఆట మానేశాడు. అదే ఆఖరి మ్యాచి అట. "మానేసేవాడివి ఆపరేషన్ ఎందుకు చేయించుకున్నావు?" అని విలేకరి అడిగితే, "బంతులెయ్యడానికి కాదు, నమాజులో మోకరించడానికి" అన్నాడట. పేపరు ముక్క కత్తిరించి ఇందులో పెట్టాను. రెండుసార్లు చదువు.

నీ
ఝాన్సీ

తా.క.: ఈ ఆదివారానికి చీటీ నేనే రాసి పంపుతున్నాను: "సీమోను గారి మోకాలి కొరకు." అచ్చమ్మ పెద్దమ్మని మళ్ళీ ఉపవాసం ఉండమను, ఈసారి మోకాలు మన ఊరిదే. ఆసుపత్రిలో మంచం చెప్పి ఉంచాలి. ఇరవై మూడు, సోమవారం లోగా జాబు రాయి.