రుచికి ఎన్ని గరిటెలు?

జూలై 7, సోమవారం
ఇవాళ్టి నుంచి ఏడో తరగతి లెక్కల పుస్తకం తెరవను! ఒక్కదానికి ఎంతో తెలిస్తే పదింటికి ఎంతో చెప్పొచ్చని మన గోదావరిఖని బతుకులోంచే నేర్పిస్తాను. ముఖ్యంగా సుమైరా కోసం. బడి తెరిచినప్పటి నుంచి ఆ పిల్ల లెక్కల పీరియడ్‌లో నోరు విప్పలేదు. అడిగితే చాలు, కళ్లలో నీళ్లు.

సోషల్ చెప్పే ఉపేందర్ సార్ నవ్వారు. "వారం గూడ ఆగరు మేడం. పుస్తకం తెరిస్తే నెలంత నా భోజనం డ్యూటీ మీదే."

అంటే పిల్లలందరూ తినేదాకా వంట దగ్గర కాపలా. నేనా, ఆకలికి ఆగలేను. అయినా పందెం ఒప్పుకున్నాను. ఓడితే కదా!

మంగళవారం
షేర్ ఆటో లెక్క. ఎంత బాగా కుదిరిందో! "ముప్పై నిమిషాల్లో పదిహేను కిలోమీటర్లు పోయే ఆటో, పది నిమిషాల్లో ఎంత దూరం పోతుంది?"

"ఎటూ పోదు టీచర్," అన్నాడు సంపత్. "సీట్లు నిండేదాక స్టాండులనే ఉంటది."

క్లాసంతా అవునంది. సుమైరా కూడా తలూపింది. శుభసూచకం!

బుధవారం
గని లెక్క. వీళ్ల నాన్నలందరివీ ఆ డ్యూటీలే కదా. "ఆరు డ్యూటీలకు ఆరు రోజుల జీతం. ఏడు డ్యూటీలకు?"

"ఎనిమిది!" అందరూ ఒకేసారి.

తప్పన్నాను. గొడవ!

"ఏడోది ప్లేడే గద టీచర్! సెలవు నాడు డ్యూటీ జేస్తే డబుల్ ఇస్తరు," అన్నాడు హసన్.

నిజమే. ప్లేడే డ్యూటీ దొరికితే మా ఆయన ఎంత సంబరపడతారో నాకు తెలియనిదా? బోర్డు తుడిచేశాను.

గురువారం
తలనొప్పి. ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు. కిటికీలు అదిరాయి. ఆ అదురుకు టేబుల్ మీది పుస్తకం తెరుచుకుంది. నేను తెరవలేదు! కంటపడ్డ లెక్క ఒక్కటి చెప్పాను. అంతే. ఒక్కటే.

శుక్రవారం
అభ్యాసం మొత్తం చెప్పేశాను. పెన్నులు, పెన్సిళ్లు, డజన్లు. పిల్లలు బుద్ధిగా నోటుబుక్కుల్లోకి ఎక్కించుకున్నారు. సుమైరా కళ్లలో మళ్లీ నీళ్లు. నా మీద నాకే ఒళ్లు మండింది.

కిటికీలో ఉపేందర్ సార్. "మేడం, సోమారం నుంచి గరిటె మీదే!"

జూలై 14, సోమవారం
12.40. వడ్డించే ముందు టీచర్ రుచి చూడాలి. చూశాను. పప్పు, మూడు గరిటెలు.

1.20. లైన్ చివర ఇంకా ఆరుగురు. వంట చేసే సారవ్వ గిన్నె వంచి చూసింది. "పన్నెండు గరిటెలే ఉన్నది బిడ్డా."

"మనిషికి రెండు," అందొక గొంతు. సుమైరా!

"ఇంకో ఇద్దరొస్తే?" అన్నాను ఊపిరి బిగబట్టి.

"పదహారు గావాలె."

ఈసారి నీళ్లు నా కళ్లలో. అక్కడే గంతులేద్దామనుకున్నాను.

"మరి మీరు రుచికే మూడు పోసుకున్నరు గద టీచర్," అంది. "గదేం లెక్క?"

లైనంతా పడి పడి నవ్వింది. ఆ పిల్ల కూడా.

రాత్రి. రేపటి నుంచి పుస్తకం ముట్టను. ఖాయం! పప్పుతోనే పాఠం. రుచికి అర గరిటె చాలు.

సరే, ఒక గరిటె.