ఫోటోలో ఎవరున్నారంటే

ఏప్రిల్ 12, ఆదివారం
పరీక్షలో నేను చెప్తుంటే రాసిపెట్టే సుష్మకు సరిగ్గా మే 14నే ఉద్యోగం ఇంటర్వ్యూ పడింది. నా హిస్టరీ పేపరూ ఆ రోజే. ఇంకో స్క్రైబ్ దొరక్కపోతే పేపర్ పోయినట్టే. క్యాంపస్‌లో చూపులేని వాళ్ళం నలుగురం, అందరిదీ ఇదే గోల. ఎంసీఏ రాంచందర్ ధైర్యం చెప్పాడు. వెబ్‌సైట్ చేస్తడట, స్క్రైబులు వాళ్ళే వెతుక్కుంటొస్తరట.

ఏప్రిల్ 19
సైట్ రెడీ. మా నలుగురి ఫోటోలూ పెట్టాడు. ఫోటో వెనక రాసిన మాటల్ని నా ఫోన్ పైకి చదువుతుంది కదా, వేలు పెట్టాను. బెస్ట్ స్క్రైబ్ తార్నాక, ఫ్రీ స్క్రైబ్ హైదరాబాద్, టాప్ స్క్రైబ్ తార్నాక. నాలుగు ఫోటోలకీ అదే పాట. ఇందులో నేనెవరినో నాకే తెలీలేదు. పడీ పడీ నవ్వాను. వాడు ఉడుక్కున్నాడు. ఆ మాట ఎన్నిసార్లుంటే గూగుల్ అంత పైన పెడతదట.

ఏప్రిల్ 22, మధ్యాహ్నం
గూగుల్‌లో మనమే ఫస్ట్ అని రాంచందర్ మిర్చీ బజ్జీలు తెచ్చాడు. నా రూమ్మేట్ కామాక్షి ఫోన్‌లో వెతికిస్తే సైట్ జాడే లేదు. పొద్దస్తమానం వాడే తెరుస్తుంటే వాడి ఫోన్ వాడికి నచ్చిందే చూపించింది. బజ్జీలు మాత్రం బాగున్నాయి.

ఏప్రిల్ 23
పరీక్షకి మూడు వారాలే. భయమేసింది.

ఏప్రిల్ 25
మెట్రో కింద టీ తాగుతూ రాంచందర్‌కి చెప్పాను. గూగుల్‌దీ నా బతుకేరా, రాసింది చదువుకోవడమే, నాకు అర్థమయ్యేలా రాస్తే దానికీ అవుతుంది అని. టీ గ్లాసు కింద పెట్టాడు. తర్వాత గట్లనే చేద్దామన్నాడు. నేను చెప్పాను, వాడు టైప్ చేశాడు. పరీక్ష ఎప్పుడు, ఎక్కడికి రావాలి, స్పెల్లింగ్ తప్పితే కొంపలేం మునగవు, అన్నీ. నా ఫోటోకి వాడే రాశాడు: పసుప్పచ్చ చుడీదార్, లైబ్రరీ మెట్లు, ఏదో చెప్తూ నవ్వుతోంది. నేనలా ఉంటానని ఇప్పుడే తెలిసింది. మళ్ళీ మళ్ళీ విన్నాను. ఎంత బాగుందో.

మే 2
ఒక్క ఫోనూ లేదు.

మే 9
వచ్చింది. రామంతాపూర్ నుంచి, వేదవతి గారట. ఇంటర్‌తోనే చదువు ఆగిపోయిందట. స్క్రైబ్ అనే మాటే ఆవిడ ఎరగదు. కండ్లు కనిపించనోళ్ళకు పరీక్ష రాసిపెట్టుడెట్ల అని వెతికిందట, మేం దొరికాం. ఇది విని రాంచందర్ ముఖం ఎలా పెట్టాడో ఎవర్నైనా అడగాలి.

మే 14
రాశాం. మూడో ప్రశ్న, కుతుబ్‌షాహీల చెరువులు. సగంలో కలం చప్పుడు ఆగింది. ఏమైందమ్మా అన్నాను. వినుకుంట కూసొని రాసుడు మర్చిపోయిందట.

టైం లేదు. అయినా మొదట్నుంచి చెప్పాను.