ఇంటి కాగితంలో మొదటి గడి

అత్తయ్యకి, ప్రేమతో,

ఫోన్ చేస్తే "బాగానే ఉన్నానమ్మా, పాప తిన్నదా?" అని పెట్టేస్తారు. నేనూ అంతకుమించి కదిలించను. అందుకే ఉత్తరం రాస్తున్నాను. ముందు మీకు నవ్వొచ్చే సంగతి చెబుతాను, అప్పుడైనా చివరిదాకా చదువుతారు.

మా ఆరోగ్య కేంద్రంలో మూడు రోజులు విపత్తుల శిక్షణ పెట్టారు. నిరుడు వరద మమ్మల్ని ముంచితే, పైవాళ్లకు ఇప్పటికి మెలకువ వచ్చింది. అగ్నిమాపక దళంలో రిటైరైన మాస్టారు ఒకాయన వచ్చి మా చేత టీకాల పెట్టెలు పై అంతస్తుకి మోయించారు, ఆక్సిజన్ సిలిండర్లు గోడకి గొలుసులతో కట్టించారు. చివరి రోజు ఉత్తుత్తి ప్రమాదం. మా వాచ్‌మన్‌కి రెండు కాళ్లూ విరిగినట్టు లెక్క, ముందు చూడాల్సిన మనిషని మెడలో ఎర్ర చీటీ. నేల మీద పడి మూలుగుతున్నాడు. ఇంతలో బయట డాక్టరుగారి కారు హారన్ మోగింది. ఠక్కున లేచి పరుగెత్తి గేటు తీసి, సలాం కొట్టి, వచ్చి మళ్లీ పడుకుని మూలగడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి మా కడుపులు చెక్కలయ్యాయి.

ఆ తర్వాత మాస్టారు అడిగారు, మళ్లీ నీళ్లొస్తే ఎంతమంది డ్యూటీలో నిలబడతారని. అందరం చేతులెత్తాం. అప్పుడు మీ ఇంట్లోవాళ్లను ఎవరు చూస్తారని అడిగారు. చేతులు ఒక్కొక్కటే దిగిపోయాయి. "ఇల్లు ఏమైందోనని గుండెలు పీకుతుంటే ఎవరికీ సూది సరిగ్గా పడదు. అది మీ తప్పు కాదు. ముందు ఇంటి కాగితం నింపండి," అన్నారాయన. పిల్లల్ని ఎవరు తీసుకెళ్తారు, ఎక్కడ కలుసుకుంటారు, అన్నీ గడులు. నేను మొదటి గడి దగ్గరే ఆగిపోయాను. మీ అబ్బాయి లారీ ఎక్కితే పది రోజులకు గానీ ఇంటి ముఖం చూడరు. మీరేమో ఏడు నెలలుగా మీ అమ్మాయి దగ్గర ఉంటున్నారు.

ఎందుకు వెళ్లారో నాకు తెలుసు అత్తయ్యా. వరదప్పుడు పురిటి నొప్పులు పడుతున్న మనిషిని వదిలి రాలేక రెండు రోజులు కేంద్రంలోనే ఉండిపోయాను. నాలుగేళ్ల పాపను మీరు ఎత్తుకుని మేడ మీదికి చేర్చారు. నేను వచ్చేసరికి దాని ఒళ్లు కాలిపోతోంది. మీరు తడి బట్టలతోనే ఎదురొచ్చారు. మీ ముఖమైనా చూడకుండా, "పొడి బట్టలు మార్చాలని కూడా తోచలేదా?" అన్నాను. ఇంట్లో పొడి గుడ్డ ఒక్కటీ మిగల్లేదని తర్వాత చూశాను. నా బిడ్డ నాకు దక్కిందంటే మీ వల్లే. ఆ మాట ఆ రోజే మీ చేతులు పట్టుకుని చెప్పాల్సింది. సిగ్గుతో నోరు రాలేదు.

రాజీనామా రాసి సంచిలో పెట్టుకున్నాను. నెలాఖరుకి ఇచ్చేస్తాను. పాపను ఎవరి చేతిలో పెట్టాలో తెలియకుండా ఇంకొకరి ప్రాణాలకు పూచీ పడలేను. మిమ్మల్ని రమ్మని అడగడం లేదు, ఆ మొహం నాకు లేదు. నా కృతజ్ఞత మాత్రం మీకు చేరాలి.

మీ కోడలు

---

అమ్మాయీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. వాచ్‌మన్ దగ్గర నవ్వాను, తర్వాతంతా ఏడ్చాను. నువ్వన్న మాట నాకు గుర్తుంది. బిడ్డ జ్వరంతో ఉంటే ఏ తల్లైనా అంటుంది. దానికి అలిగి ఇల్లు వదలడానికి నేనేమైనా చంటిపిల్లనా?

నేను దాచింది వేరే. ఆ రోజు మెట్ల దగ్గర నా మోకాలు పట్టేసింది. పాప చేతుల్లోంచి జారి నీళ్లల్లో మునిగింది. పై వాటాలో ఉండే దర్జీ దూకి, జుట్టు పట్టుకుని పైకి లాగాడు. ఎవరికీ చెప్పొద్దని నేనే బతిమాలాను. ఆ తర్వాత రోజూ పొద్దున్నే పాపను నా ఒళ్లో కూర్చోబెట్టి, నువ్వు వెనక్కైనా చూడకుండా డ్యూటీకి వెళ్లేదానివి. ఆ నమ్మకం మోయలేక వచ్చేశాను. నా మీద నాకే భయం పట్టుకుంది. నువ్వు కోపమనుకుంటున్నావని తెలిసీ అలాగే అనుకోనిచ్చాను, అది నా తప్పు.

నీ కృతజ్ఞతలో పెద్ద వాటా ఆ దర్జీది. ముందు వెళ్లి ఆయనతో మాట్లాడు. మొహమాటస్తుడు, నువ్వే కదిలించాలి. మొదటి గడిలో ఆయన పేరు రాస్తానని అడుగు, కాదనడు. ఆ రాజీనామా ఇవాళే చించెయ్. నీళ్ల మధ్య నీ చేతుల్లో ప్రసవించిన ఆ పిల్లకి కూడా ఇంటి దగ్గర ఒక అత్త ఎదురుచూస్తూ ఉండి ఉంటుంది. ఆవిడ తరఫున నేను చెబుతున్నాను, నువ్వు ఆ రోజు అక్కడే ఉండటం మంచిదైంది.

నేను గురువారం బస్సుకి వస్తున్నాను. పాపను ఇక ఎత్తుకోలేను, అది నిజం. హెచ్చరిక వినగానే, ఇంకా గడప తడవకముందే, చెయ్యి పట్టుకుని మేడ ఎక్కించగలను. అంతమాత్రం చేయగలిగిన మనిషికి మీ మాస్టారి కాగితంలో చోటుంటే, దర్జీ పేరు కింద నా పేరు రాయి.

నీ అత్తయ్య