పెట్టెలో దొరికిన సీసా

అక్కా,

నీ మోకాళ్ళ సంగతి తర్వాత అడుగుతాను, ముందిది చదువు.

పిల్లలు మత్తులో పడకూడదని మా వీధివాళ్ళం కమిటీగా చేరి, మందుల షాపులో పెట్టె పెట్టాం కదా. ఇంట్లో మిగిలిన మాత్రలు అందులో వేసెయ్యాలి. ఎవరు వేశారని అడక్కూడదు. ఆ నియమం పెట్టింది నేనే.

నిన్న తెరిస్తే, మీ మరిది పోయేముందు వాడిన మత్తు నొప్పి మాత్రల సీసా కనిపించింది. మూతమీద తేదీ నా చేతిరాతే. నా ప్రశ్నలు భరించలేక మా పిల్ల ఇల్లు వదిలిన రోజు, దాంతోపాటే మాయమైన సీసా. ఇంకా సగం మాత్రలున్నాయక్కా!

పిల్ల షాపుదాకా వచ్చింది. ఇంకో నాలుగిళ్ళు నడిచి నా దగ్గరికి రాలేదు. షాపతన్ని అడగబోయి నాలుక కరుచుకున్నాను.

నీ దగ్గరికొస్తే నువ్వూ ఏమీ అడక్కు. పెట్టె శనివారమే తెరుస్తాం, ఇంటికి మాత్రం గడియే పెట్టడం లేదని చెప్పు.

నీ చెల్లెలు