మేస్త్రి కుడికాలు

వర్క్‌షాపు నుంచి,
మంగళవారం సాయంత్రం

చిరంజీవి బావమరిదికి,

నీ బావ దీవించి రాస్తున్న ఉత్తరం. దీవించే మొహమేనా ఇది అని నువ్వు అనుకోవచ్చు. వరసకి పెద్దవాణ్ణి, నేను దీవించకా తప్పదు, నువ్వు పుచ్చుకోకా తప్పదు. ఇక్కడ అందరం క్షేమం అని రాయబోయి ఆగాను. మీ అక్క ఒంట్లో బాగానే ఉంది. నేను తింటున్నాను, పడుకుంటున్నాను. మేస్త్రి సంగతి నీకు తెలిసిందే.

నువ్వు ఫోన్ ఎత్తడం లేదు. ఒకందుకు అదే మంచిదయింది. ఎత్తితే నేను ఏదో ఒక హాస్యమాడి, నువ్వు నవ్వేదాకా వాగి, అసలు మాట మింగేసేవాణ్ణి. ఉత్తరంలో ఆ సౌకర్యం లేదు. రేపు మీ అక్క నీ గదికి వస్తోంది, ఆమె చేతికిచ్చి పంపుతున్నాను.

శనివారం కుక్కల డాక్టరమ్మ గదిలో నేనన్న మాట ఇంకా నా చెవిలోనే ఉంది. ఆవిడ ఎక్స్‌రే లైటుకి పట్టి చూపించింది. మన మేస్త్రి కుడి ముందరి కాల్లో, మణికట్టుకి కాస్త పైన, ఎముక చెదలు తిన్న చెక్కలా ఉంది. ముక్క తీసి పంపిన పరీక్షలో కూడా క్యాన్సరనే తేలిందంది. మొదటిసారి తెచ్చేనాటికి ఎన్నాళ్ళుగా కుంటుతోందని మళ్ళీ అడిగింది, వారమని మళ్ళీ నేనే చెప్పాను. అయితే త్వరగానే పట్టుకున్నారు అంది. భుజం దగ్గర్నుంచి కాలు తీసేసి, తర్వాత కొన్ని విడతలు మందు ఎక్కిస్తే ఏడాది దాకా హాయిగా తిరుగుతుంది, ఒక్కోటి ఇంకా ఎక్కువే తిరుగుతుంది అంది. మనుషుల్లాగా ఆ మందుకి మంచాన పడవు, ఒకటి రెండు రోజులు తిండి తగ్గించి మళ్ళీ తోకాడిస్తాయి అంది. కాలు తీయకపోతే నొప్పి మాత్రలతో ఒకటి రెండు నెలలు, ఈలోపు ఆ ఎముక పుటుక్కున విరిగినా విరగొచ్చు అంది.

నువ్వు క్షణం ఆలోచించలేదు. తీయించేద్దాం బావా అన్నావు. నేనేమన్నాను? మూడు కాళ్ళతో అదేం బతుకండీ, నలుగురూ జాలిగా చూస్తుంటే కుంటుకుంటూ తిరగడం కన్నా ఒక సూదిమందిచ్చి నిద్రపుచ్చేయండి అన్నాను.

డాక్టరమ్మకి తెలియదు. నీ ప్యాంటు కింద ఉన్నది నేను చేసిన కాలని చూసి చెప్పగలిగినవాళ్ళు లేరు, అంత బాగా కుదిరింది అది. ఆవిడ నా వైపే చూస్తోంది. నువ్వు లేచి మేస్త్రి మెడతాడు నా చేతిలో పెట్టావు. సరే బావా అన్నావు. తలుపు చప్పుడు కాకుండా వేసి వెళ్ళావు. నీ నడకలో ఇసుమంత తేడా లేదు. అంత జరిగాక కూడా నేను చూసింది నీ నడకే. పాతికేళ్ళ అలవాటు మరి.

నా పనేమిటో నీకు కొత్తగా చెప్పాలా. కాళ్ళు పోయినవాళ్ళకి కాళ్ళు చేసి, చేతులకి ఆసరాగా బిగించిన ఆ రెండు కడ్డీల మధ్య నిలబెట్టి నడిపిస్తాను. కొలతలు తీసేముందు ప్రతివాళ్ళకీ ఒకటే చెప్తాను. పోయింది కాలు, నడక కాదు అని. బైకు మీద నుంచి పడి కాలు పోగొట్టుకున్నప్పుడు నీకూ చెప్పాను. నువ్వు గోడవైపు తిరిగి పడుకుని, ఆ నడకేదో నువ్వే ఉంచుకో బావా అన్నావు. ఆ వారమే కదా మీ అక్క ఎక్కడినుంచో ఈ కుక్కపిల్లని చంకనేసుకుని వచ్చింది. నువ్వు మొదటిసారి కడ్డీలు పట్టుకుని నిలబడ్డ రోజున అది నీ పక్కనే నడిచింది. నువ్వు ఆగితే ఆగింది, నువ్వు తిట్టుకుంటే చెవులు దించుకుంది. జీతం లేకుండా పెత్తనం చేస్తోంది, దీని పేరు మేస్త్రి అని నువ్వే పెట్టావు. నీ ఇంటి ఓనరు కుక్కల్ని రానివ్వడు కాబట్టి మా దగ్గరుంది గానీ, అది నాది ఏనాడూ కాదు. రోజూ నాతో పాటు వర్క్‌షాపుకొచ్చి, కొత్తగా ఎవరు నడిచినా ఆ చివర్నుంచి ఈ చివరికి దగ్గరుండి దాటించేది. అలాంటి దాని గురించి, నీ ముందు, నేను ఆ మాటన్నాను.

మీ అక్క నాతో మాట్లాడటం లేదు. కంచం పెడుతుంది, గ్లాసు పెడుతుంది, వెళ్ళిపోతుంది. ఆదివారం ఒక్కసారి నోరు విప్పింది. ఆ మాట కుక్కనన్నారా, మా తమ్ముణ్ణన్నారా అని అడిగింది. నాకు తల కొట్టేసినట్టయింది. నీళ్ళు తాగి లేచి వచ్చేశాను.

నిన్న మన బస్సు కండక్టరు వచ్చాడు. గుర్తున్నాడుగా, టికెట్ కొట్టినట్టే మాట్లాడతాడు, తిరిగి చిల్లర ఇవ్వడు. మొండికాలు దూర్చుకునే సాకెట్ బిగుతైందని ఇంట్లో కూరగాయల కత్తి పెట్టి లోపలంతా గీకేశాడట. కాలంతా పుండు. అందరి ముందూ చెడామడా తిట్టాను. బిగిసిందంటే కాలు ఏదో చెప్తోందని అర్థం, పరుగెత్తుకు రావాలి గానీ నీకు నువ్వే సవరించుకోవడమేంటి, కాలు నీదైనా దాని సంగతి నీకేం తెలుసని తిట్టాను. పాపం తల వంచుకుని నిలబడ్డాడు. మామూలుగా అయితే ఇదంతా నీకు ఫోన్లో వాడి గొంతుతో చెప్పి నవ్వించేవాణ్ణి. ఈసారి నాకే నవ్వు రాలేదు.

ఇవాళ జరిగింది కూడా చెప్పాలి, ఈ ఉత్తరం రాయించింది అదే. పొద్దున బేకరీ నడిపే ఆవిడ వచ్చింది. షుగరు వల్ల మోకాలి కింద తీసేశారు. ఇవాళే మొదటిసారి కాలు తొడిగి నిలబెట్టాను. కడ్డీలు గట్టిగా పట్టుకుని, నా వల్ల కాదు బాబూ, నన్ను కూర్చోబెట్టు అని మొదలుపెట్టింది. మూలన చాప మీద పడుకున్న మేస్త్రి లేచింది. రెండు రోజులుగా మాత్రలు పడుతున్నాయి, కాస్త తేరుకుంది. కుడికాలు నేలకి ఆనించలేదు. దాన్ని గుండెకి దగ్గరగా మడిచి పట్టుకుని, మూడు కాళ్ళ మీద వచ్చి ఆవిడ పక్కన నిలబడింది. ఆవిడ అడుగు వేసింది, అదీ వేసింది. ఆవిడ ఆగింది, అదీ ఆగి మొహంలోకి చూసింది.

దీనికేమైంది అని ఆవిడ అడిగింది. కాలు బాగోలేదమ్మా, తీసేయాలంటున్నారు అన్నాను. అయితే నా జట్టే అన్నమాట అంది. ఆ చివరిదాకా నడిచి, తిరిగి కూడా వచ్చింది. నేను స్టూలు మీద కూలబడ్డాను. నాలుగో కాలు అది ఎప్పుడో వదిలేసింది. పట్టుకుని వేలాడుతున్నది నేను.

ఎందుకన్నాను ఆ మాట అని మూడు రోజులుగా నన్ను నేనే నిలదీసుకుంటున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్ళంతా కాలు పోయాకే వస్తారు. గాయం మానాక, కుట్లు విప్పాక వస్తారు. కొయ్యడానికి ముందు నేను ఎవరి పక్కనా లేను. నిన్ను ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళినప్పుడు మీ అక్క ఒక్కతే బయట కూర్చుంది, నేను ఇక్కడ ఎవరిదో కాలికి నునుపు పెడుతున్నాను. కోతంటే నాకు భయం. ఆ పిరికితనానికి జాలి అని పేరు పెట్టి డాక్టరమ్మ ముందు పెద్దమనిషిలా మాట్లాడాను. అది నీకు ఎక్కడ తగులుతుందో చూసుకోలేదు. నీ ముందుకి రావడానికి నాకు మొహం చెల్లడం లేదు.

ఇవాళ నేనడిగితే శుక్రవారం పొద్దున ఆపరేషన్‌కి డాక్టరమ్మ సమయం ఇచ్చింది. మేస్త్రి నీది, కాగితం మీద సంతకం నువ్వే పెట్టాలి. తీయించమంటే నేను ఎత్తుకుని తీసుకొస్తాను. వద్దంటే వద్దు, మాత్రలతో ఉన్నన్నాళ్ళు చూసుకుందాం. ఈసారి ఆ గదిలో నేను నోరు తెరవను. నా మీద కోపం అలాగే ఉంచుకో, దాని కోసం మాత్రం రా.

ఇట్లు,
నోటికి తాళం వేసుకున్న
నీ బావ

తా.క. ఉత్తరం కోసం వర్క్‌షాపుకొచ్చిన మీ అక్క చేతికిచ్చాను. కవరు అంటించలేదు, అంటించినా ఆమె విప్పేదే. నిలబడే మొత్తం చదివింది. చాలా బాగా రాశారు అంది. మడతపెట్టి తిరిగి నా బల్ల మీద పెట్టి, మరి తొడుగు సంగతేది అంది. అది రాయకుండా నేను మోసుకెళ్ళను అంది. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది, ఇప్పటికీ కూర్చునే ఉంది.

నువ్వు లిఫ్టులు బిగించే పని మీద మూడు నెలలు పొరుగూరు వెళ్ళావు కదా. నువ్వెళ్ళిన కొన్నాళ్ళకే మేస్త్రి కుంటడం మొదలుపెట్టింది. అందరికంటే ముందు నేనే చూశాను. డాక్టరుకి చూపించమని మీ అక్క అంది. కాళ్ళ సంగతి నాకే చెప్తావా అన్నాను. బెణికిందని తేల్చేసి, ప్లాస్టిక్ రేకు వేడి చేసి, లోపల మెత్త పెట్టి దాని కాలికి తొడుగు చేశాను. వేసిన రోజు నుంచీ తిన్నగా నడిచింది. వర్క్‌షాపులో అందరూ మెచ్చుకున్నారు. నువ్వొచ్చాక నీ ముందు గొప్పలు పోవాలని చూశాను.

కొన్నాళ్ళకి తొడుగు బిగిసింది. వేడి చేసి కాస్త సాగదీశాను. మళ్ళీ బిగిసింది, మళ్ళీ సాగదీశాను. నిన్న కండక్టరుని తిట్టిన తిట్లన్నీ ఎవరికి చెందాలో తిడుతుండగానే నాకు తెలుసు. మీ అక్క రోజూ చూపించమంటూనే ఉంది. నాకూ అనుమానం వచ్చింది, కానీ నేను చేసింది తప్పని తేలుతుందని చూపించలేదు. మూడోసారి ఇక సాగలేదు. నువ్వు వస్తున్నావనగానే తీసి అరలో దాచేశాను. తొడుగు లేకపోయేసరికి అది నీ కళ్ళముందే కుంటింది, నువ్వు మర్నాడే డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళావు. ఆవిడ అడిగితే నీ పక్కన కూర్చుని వారం అన్నాను.

తమ్ముడికి చెప్పాల్సింది మీరే, చెప్పేదాకా మీతో మాట్లాడను అని మీ అక్క ఆ రోజు నుంచీ మౌనం పట్టింది. ఆ మూడు కాళ్ళ మాట దాని తర్వాత వచ్చి పడింది. అది నేను జాలితో అన్నదీ కాదు, పైన రాసినట్టు కోతంటే భయంతో అన్నదీ కాదు. కాలు తీసేస్తే మేస్త్రి మూడు కాళ్ళతో రోజూ నా ముందే తిరుగుతుంది. చచ్చిపోతే తొడుగు సంగతి కూడా దాంతోనే పూడిపోతుంది. నా ఆలోచన అదీ. నా తప్పు కప్పిపుచ్చుకోవడానికి దాన్ని చంపమన్నాను, నిన్ను పొడిచాను. ఇది రాయడానికి నా చేతికే సిగ్గేస్తోంది.

ఇందాకే డాక్టరమ్మకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. ముందే చెప్పుంటే బాగుండేదని ఆవిడ అనలేదు. ఏడాది అన్నది ఇక గట్టిగా చెప్పలేనంది. ఊపిరితిత్తుల ఫొటో శుభ్రంగానే ఉంది గానీ, కంటికి కనపడనిది ఈపాటికి పాకి ఉండొచ్చంది. కాలు తీస్తే ఆ కాలి నొప్పి మాత్రం పోతుంది, అది నిజమంది. నువ్వు ఇదంతా తెలిసే సంతకం పెట్టాలి, లేదా మానాలి.

తొడుగు కూడా మీ అక్కతో పంపుతున్నాను. లోపల వేలు పెట్టి తడిమి చూడు, రెండుసార్లు సాగదీసిన గుర్తులు తగులుతాయి. నా చేతిపని నీకు తెలుసు, పోల్చుకుంటావు. శుక్రవారం డాక్టరమ్మకి నువ్వే చూపించు.

ఇప్పుడే దాన్ని అరలోంచి తీసి సంచీలో పెడుతున్నాను. మేస్త్రి చాప మీద నుంచి లేచి వచ్చింది. తనకి వేయడానికే తీశాననుకుని కుడికాలు చాపి నా ముందు నిలబడింది.