బుల్లోడి పొట్టలో కాపురాలు

కమ్మింగ్, అమెరికా

చక్రపాణీ,

నువ్వు హైదరాబాదు నుంచి సూట్‌కేసులో తెచ్చిన యాంటీబయాటిక్ మాత్రల్లో మిగిలినవి తిప్పి పంపుతున్నాను.

మీ అక్క పోయాక నాకు తోడు మిగిలింది ఆవిడ పెంచిన కుక్క బుల్లోడే. వాడి మూత్రపరీక్షలో బాక్టీరియా కనిపించిందనగానే, "మనుషులకే వైద్యం చేసినవాణ్ణి బావగారూ, కుక్క ఓ లెక్కా? వేసేయండి," అన్నావు. వేశాను. వాడు తిండి మానేసి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఇక్కడి పశువుల డాక్టరమ్మ రష్మి వాటిని ఆపించింది. "వీడికి పెయిన్ లేదు, మంట లేదు అంకుల్. ట్రీట్ చేయక్కర్లేదు. హెల్దీ డాగ్స్ బ్లాడర్‌లో కూడా మైక్రోబ్స్ ఉంటాయి," అంది.

ఇన్ని పుస్తకాలు చదివీ, ఆ చీకటి మూత్రపు సంచిలో ఎవరూ ఉండరనే నమ్మాను. కంటికి కనిపించని జాతులు అక్కడ ఎవరికీ హాని చేయకుండా కాపురం ఉంటున్నాయట. ఆ మాట విన్నప్పటి నుంచి వాడి పొట్ట మీద చెయ్యి వేసుకుని కూర్చుంటున్నాను. మనిద్దరం ఒక ఇంట్లో ఒక్క పండగపూటైనా ఆ జాతుల్లా ఉండలేకపోయాం.

వాడిప్పుడు తింటున్నాడు. నిన్న, నువ్వు మరిచిపోయిన తోలుచెప్పుల మీద కాలెత్తాడు. కావాలంటే వచ్చి తీసుకెళ్లు. నేను కడగలేదు. అంతటి లోకాన్ని నీళ్లు పోసి పంపేయడానికి నాకు చేతులు రాలేదు.

మీ అక్క మొగుడు