నులిపురుగుల పరీక్షపై పడిన నింద తొలగించుట గురించి

పాలవారిలంక

వైద్య పరీక్షల పరిశీలనాధికారి గారి సముఖమునకు

అయ్యా,

విషయం: మా ఊరివల్ల చెడ్డపేరు వచ్చిన పరీక్షను, ల్యాబ్ టెక్నీషియన్ అశ్విని గారి ఉద్యోగాన్ని కాపాడుట గురించి.

పారిశుద్ధ్య కమిటీ అధ్యక్షుడు చంద్రరావు వ్రాసుకొను మనవి ఏమనగా:

1. కాలువలో కడిగిన ఆకుకూరలు, కీరదోసకాయలు పచ్చివి తినుటవలన మా ఊరిలో ఇరవైమందికి నులిపురుగులున్నట్లు గత నెల మైక్రోస్కోపు పరీక్షలో రూఢి అయినది. ఇందులో కమిటీవారు కూడా కలరు. పేర్లు అడగవద్దు.

2. ఈ ఇరవైమందిలో కొత్త పరీక్ష కిట్టు ఎందరిని పట్టగలదో చూచుటకు వారం తర్వాత వస్తానని, అంతవరకు మందు వేసుకోవద్దని అశ్విని గారు చెప్పి వెళ్లిరి. ఆ లెక్కను సెన్సిటివిటీ అందురట.

3. అది విని నా భార్య మాణిక్యాంబ, "చుట్టాలొస్తే ఇల్లు ఊడ్చుకుంటాం కదండీ. డాక్టరమ్మ వస్తుంటే కడుపు ఊడ్చుకోవద్దా? ఊరి పరువేం కానండీ?" అనెను. ఊరంతా సై అన్నది. అధ్యక్ష హోదాలో నేనే ఇంటింటికీ నులిపురుగుల మాత్రలు పంచి, ఊరి పరువు మీద ప్రసంగించితిని. చప్పట్లు పడినవి.

4. చెప్పిన రోజుకు నంబర్లు వేసిన ఇరవై మలపరీక్ష డబ్బాలు అప్పగించితిమి. ఆ ఇరవైమందిలో ఒకరైన వీరమ్మ గారు తన డబ్బాకు రిబ్బను కూడా కట్టిరి. కిట్టు ఒక్క డబ్బాలోనే పురుగులున్నవని చూపినది. సెన్సిటివిటీ నూటికి ఐదేనని, కిట్టు పనికిరాదని రిపోర్టు వెళ్లినది. "చూశారాండీ, నాది ఎంత శుభ్రంగా ఉందో!" అని వీరమ్మ గారు సంబరపడుతుంటే, "ఎక్కడ పొరపాటు చేశానో తెలియట్లేదండీ" అని అశ్విని గారు మా అరుగు మీద కూర్చుని ఏడ్చేశారు. కిట్టు పని ఆపేసి నెలాఖరుకు ఆ పిల్లను తీసేస్తారట. అప్పట్నుంచి నాకు అన్నం సహించడం లేదయ్యా!

5. లేని పురుగును ఏ కిట్టు పట్టగలదు? కావున రిపోర్టును రద్దుపరచి పరీక్ష మళ్లీ పెట్టించ ప్రార్థన. మా ఊళ్లో మాత్రం వద్దు. మళ్లీ ఊడ్చేస్తారు.

చిత్తగించి ఆ పిల్ల ఉద్యోగం నిలబెట్టవలెను.

తమ విధేయుడు,
చంద్రరావు

తా.క. ఆ ఒక్క డబ్బా, ఏడో నంబరు, నాదేనండి. మాత్రలు పంచిన రోజు నేను యానాం వెళ్లి చుక్కేసుకుని వచ్చి ఉన్నాను. ఆ కడుపులో మాత్ర పడితే ఏమవుతుందోనని మింగినట్టు నటించి జేబులో వేసుకున్నాను. ఈ ముక్క మాణిక్యాంబకు చదివి వినిపించాకే పోస్టు చేస్తున్నాను. రెండు పూటలుగా ఆవిడ నాతో మాట్లాడటం లేదు. ఫర్వాలేదు. నా పేరు పెద్ద అక్షరాలతో వేసుకుని రిపోర్టులో రాయించండి: పురుగులున్నది ఒక్కడికి, కిట్టు పట్టింది ఆ ఒక్కణ్ణి, నూటికి నూరు.